రెండో తుమ్ము

ఫిబ్రవరి 2, ఆదివారం

పెనుకొండ పెళ్లి అయింది. అయింది అనడమే గానీ నా పరువు అక్కడే పోయింది.

కల్యాణి రాగం అందుకున్నాను. ఆడది శాక్సోఫోన్ ఊదుతుందట, చూద్దాం అని ఫోన్లు ఎత్తిన వాళ్లు కూడా దించేసి వింటున్నారు. పుట్టిన ఊరు కదా, ముందు వరసలో చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిరిగినవాళ్లే అందరూ. సరిగ్గా అప్పుడు నా పక్కన కూర్చున్న నా మొగుడు గంగాధర డోలు మీద గట్టిమేళం దంచడం మొదలుపెట్టాడు. తాళి ఇంకా పళ్లెంలోనే ఉంది. పురోహితుడు చెయ్యే ఎత్తలేదు. తాళి కట్టేశారనుకుని జనం అక్షింతలు విసిరేశారు. పురోహితుడు లేచి, "ఏమప్పా గంగాధరా, తాగొచ్చినావా?" అని అందరి ముందూ అడిగాడు. గంగాధర తల వంచుకుని "తప్పయింది సామీ" అన్నాడు.

తప్పట! పోయిన వారం ధర్మవరంలోనూ ఇట్లాగే చేశాడు. పుట్టినప్పటి నుంచి డోలు వింటూ పెరిగినవాడికి గట్టిమేళం ఎప్పుడు వాయించాలో తెలియదా? నా పాట నలుగురికీ వినబడడం అతనికి ఇష్టం లేదు. అంతే.

ఆ నిమిషంలో నాకు ముక్కు దురద పెట్టిన మాట నిజమే. ఒక తుమ్ము కూడా వచ్చింది. డోలు మోతలో అది నాకే వినబడలేదు. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 3

ముక్కు కారుతోంది. చలి.

ఫిబ్రవరి 6

చలి కాదు. ఎవరో ఏదో చేస్తున్నారు.

పొద్దున సాధనకు పెట్టె తెరిచాను. శాక్సోఫోన్ మూతికి బిగించే రీడు తీసి నోట్లో పెట్టుకుని తడుపుతున్నానో లేదో, ముక్కులో మంట, కళ్లలో నీళ్లు. రీడు వాసన చూశాను. ఘాటుగా ఉన్నట్టే ఉంది. ఆ పెట్టె రోజంతా ముందు గదిలోనే ఉంటుంది. అదే గదిలో అత్త నాగేంద్రమ్మ సంక్రాంతి పోయినప్పటి నుంచి చింతపండు కొడుతూ కూర్చుంటోంది. సావుకారు భాస్కరయ్య మండీ నుంచి బస్తాలు వస్తాయి. పెంకు వలిచి, గింజ తీసి తిరిగి పంపాలి. పెనుకొండలో ఉన్నన్నాళ్లూ ఈ పని లేదు. నిరుడు ఎండాకాలం దాటాక హిందూపురం కాపురం వచ్చాం, ఇదే మొదటిసారి. ఇల్లంతా పెంకులు, నార, ఎర్రటి దుమ్ము. మండీలో ఎండుమిరపకాయలు కూడా అమ్ముతారు. ఒక చిటికెడు పొడి కొంగున ముడేసుకుని రావడానికి ఎంతసేపు?

"ఏమ్మే, పొద్దున్నే యాల తుమ్ముతాండావు?" అంది అత్త, ఏమీ ఎరగనట్టు.

"నీకు తెలీదా అత్తా?"

"నాకెట్ల తెలుస్తాది? సరే, ఒంటి తుమ్ము మంచిది గాదు. ఇంకోటి తుమ్మి లోపలికి పో."

కోడలు శాక్సోఫోన్ ఊదుతుంటే కొడుకు పక్కన కూర్చుని డోలు కొట్టడం ఏ అత్తకు నచ్చుతుంది? పెళ్లయి ఎనిమిదేళ్లలో ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు అనుమానం.

పెట్టె తీసుకెళ్లి నా మంచం కింద పెట్టాను. గొళ్లేనికి ఎర్రదారం కట్టాను.

ఫిబ్రవరి 9

మధ్యాహ్నం ఒకడు వచ్చాడు. పేరు సతీష్, ఊరు బత్తలపల్లి. చేతిలో పెట్టె ఉంది. దాని పొడవు చూస్తేనే నాకు తెలిసిపోయింది.

"అన్న రమ్మన్న్యాడక్కా."

"యాల?"

"ఊరికే."

ఊరికే ఎవరూ పిలవరు, ఊరికే ఎవరూ రారు. గంగాధర అతన్ని లోపల కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి వాయించమన్నాడు. వాయించాడు. చెడ్డగా వాయించాడని రాయాలని ఉంది. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి నిజమే రాస్తాను. మోహన బాగుంది. ఊపిరి చాలా దూరం లాగుతాడు. అతనికి ముక్కులు రెండూ పనిచేస్తున్నాయి, నాకు ఒకటీ పనిచేయడం లేదు.

అతను వెళ్లాక అడిగాను. గంగాధర డోలు తాళ్లు బిగిస్తూ, "పెళ్లిళ్ల కాలం గదా ఉషా, ఒక మనిషి తోడుంటే మంచిది" అన్నాడు.

"ఎవరికి తోడు?"

బిగించిన తాళ్లనే మళ్లీ బిగించాడు.

ఫిబ్రవరి 10

ఫోను మోగితే గేటు బయటికి వెళ్లి మాట్లాడుతున్నాడు. బట్టలు ఆరేసే నెపంతో మిద్దె ఎక్కాను. "ఇంకా చెప్పలేదబ్బా. ఎట్ల చెప్పేది?" అన్నది వినబడింది. అంతలో నాకు తుమ్ము వచ్చింది. అతను పైకి చూసి ఫోను పెట్టేశాడు.

చెప్పనిది ఏమిటో తెలియదు గానీ, ఎవరికో తెలుసు.

ఫిబ్రవరి 13

దారం కట్టినట్టే ఉంది. విప్పి పెట్టె తెరిచాను. మళ్లీ తుమ్ములు. అంటే దారం విప్పి, పని చూసుకుని, మళ్లీ అదే ముడి వేశారన్నమాట. నాది మామూలు ముడి, ఎవరైనా వేయగలరు. రేపటి నుంచి వేరే ముడి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, చూద్దాం.

ఫిబ్రవరి 16, ఆదివారం

ధర్మవరం. పట్టుచీరల వాళ్ల పెళ్లి. జీలకర్రా బెల్లం ముందు ఒకసారి, కన్యాదానం మధ్యలో ఒకసారి, మాటాపలుకూ లేకుండా గట్టిమేళం. పెళ్లికూతురు తండ్రి మా దగ్గరికి వచ్చి, "మీది మేళమా, మందుగుండా?" అని అడిగి వెళ్లాడు. గంగాధర మళ్లీ "తప్పయింది" అన్నాడు.

అతను డోలు వంక చూడడు, పురోహితుడి వంక చూడడు. నా మొహమే చూస్తుంటాడు. తిరుగు దారిలో వ్యానులోనే అడిగేశాను.

"నా మొకంలో ఏముండాదని అట్ల చూస్తావు?"

"ఏం లేదు."

"నేను ఊదేది నీకు బరువైతే చెప్పు. ఆ బత్తలపల్లోడిని కూసోబెట్టుకో. చాటుగా చంపొద్దు."

"ఊపిరి తీసుకో ముందు. ఈల వినబడతాండాది" అన్నాడు. నిజంగానే ఛాతీలోంచి సన్నగా ఈల వస్తోంది. శాక్సోఫోన్ పక్కన పెట్టాక కూడా.

వ్యాను నేరుగా ఒక ఆసుపత్రి ముందు ఆపించాడు. ఎప్పుడు అనుకున్నాడో, టోకెను కూడా ముందే తీసి పెట్టి ఉన్నాడు. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. దుమ్మూ, పూత పుప్పొడీ పడవన్నాడు. ఇది ప్రతి ఏటా ఈ కాలంలో రావచ్చట. నోట్లో కొట్టుకునే పంపు రాసిచ్చాడు. వానలు పడేదాకా ఊదకుండా ఉంటే మేలని, మొండికేస్తే ఆయాసం నిలిచిపోతుందని చెప్పాడు. చెప్పింది నాకు, చూసింది గంగాధర వంక. లేచేటప్పుడు, "మళ్ల ఫోన్ చెయ్ గంగా" అన్నాడు.

గంగా! అడిగితే, పెనుకొండ బడిలో ఇద్దరూ కలిసి పదో తరగతి చదివారట. అయిపోయింది. అత్త, మొగుడు, బత్తలపల్లి వాడు, ఇప్పుడు డాక్టరు కూడా. మేళంలో నా కుర్చీలోంచి నన్ను లేపడానికి ఎంతమంది కష్టపడుతున్నారో.

ఫిబ్రవరి 18

పంపు ఒకసారి కొట్టి చూశాను. కొంచెం తేలికైంది. దానంతట అదే తేలికయ్యే వేళకు కొట్టినట్టున్నాను.

ఫిబ్రవరి 20

అత్త చింతపండు బస్తాలన్నీ వెనక దొడ్డిలోకి మార్చింది. ముందు గది కడిగించింది. "దుమ్మని వాడు చెప్పినాడు" అంది. సాక్ష్యం మాయం చేస్తున్నారు.

రెండు రోజులుగా పొద్దున తుమ్ములు తగ్గాయి. చేసే చోటు మార్చారు కాబట్టి తగ్గి ఉంటాయి.

ఫిబ్రవరి 23

సావుకారు భాస్కరయ్య స్వయంగా ఇంటికి వచ్చాడు. వచ్చే ఆదివారం ఆయన కూతురు అమూల్య పెళ్లి. తాంబూలం నా చేతికే ఇచ్చాడు. "మా అమ్మ పట్టుబట్టింది తల్లీ. ఆ పాప శాక్సోఫోన్ ఉంటేనే పెండ్లి అంటాండాది" అన్నాడు. అమ్మ అంటే సత్యభామమ్మ. హిందూపురం మండీ ఇళ్లల్లో ఆమె మాటకు ఎదురు లేదు. ఈ పెళ్లి బాగా నడిస్తే చింతపండు సావుకార్ల పెళ్లిళ్లన్నీ మావే. చెడిందా, ఈ ఊళ్లో మమ్మల్ని సీమంతానికి కూడా పిలవరు.

ఆయన వెళ్లగానే గంగాధర గొంతు సవరించుకున్నాడు. "ఉషా, ఆ పొద్దుకు సతీష్..." అన్నాడు.

"సతీష్ తాళం వేస్తాడు. వెనకాల కూసుంటాడు. పెట్టె తెరవడు."

"సరే" అన్నాడు. చెప్పబోయిన మాట మింగేశాడు.

నాకు భయంగా ఉంది. తుమ్ముకు కాదు. తుమ్ము ఎవరికైనా వస్తుంది. గట్టిమేళం పెట్టిందే అందుకు అని నాయన చెప్పేవాడు, తాళి కట్టే వేళ ఏ తుమ్మూ, ఏ ఏడుపూ చెవిన పడకూడదని. కానీ మేళంలో కూర్చున్నదే తుమ్ముతుందని పేరు పడితే ఆ మనిషిని ఏ పెళ్లికి పిలుస్తారు? శుభమా అని పెళ్లి చేసుకుంటూ అపశకునాన్ని వ్యానులో పెట్టి ఎవరు తెచ్చుకుంటారు? నాకు శాక్సోఫోన్ తప్ప ఇంకేం రాదు. ఆ కుర్చీ పోతే నేను వాళ్లింట్లో చింతపండు కొట్టుకునే కోడలిని, అంతే.

మార్చి 1

ఒట్టు పెట్టించుకున్నాను.

డోలు ముందు కూర్చోబెట్టి, దాని మీద చెయ్యి పెట్టించి అడిగాను. "పురోహితుడు చెయ్యి ఎత్తేదాకా గట్టిమేళం కొట్టగూడదు. నా పాట మీద పడగూడదు."

"ఉషా, అది కాదు..."

"ఒట్టు పెడతావా, లేదా?"

చాలాసేపు నా వంకే చూశాడు. చెబుదామనుకుని మానేసినట్టు కనిపించాడు. నేను అడగలేదు. అడిగితే అబద్ధమే చెబుతాడు కదా.

"సరే. నీ ఇష్టం" అని ఒట్టు పెట్టాడు. గెలిచానని సంతోషం రావాలి. రాలేదు.

మార్చి 2, ఆదివారం

ఇల్లు చేరేసరికి బాగా పొద్దుపోయింది. అయినా ఈరోజే రాసుకోవాలి.

మండపం నిండా మండీ వాళ్లు. స్టేజీ నిండా చామంతులు, నా కుర్చీ పక్కనే ఒక పూల స్తంభం. శాక్సోఫోన్ మూతి ముందు మైకు, హాలు నాలుగు మూలలా స్పీకర్లు. పొద్దున పంపు కొట్టుకునే వచ్చాను. మొదట అంతా బాగా జరిగింది. ఆనందభైరవి వాయిస్తుంటే ముందు వరసలో సత్యభామమ్మ కళ్లు మూసుకుని తల ఊపింది. గంగాధర నా వెనకే నీడలా నడిచాడు, ఎక్కడా మీద పడలేదు. చూశావా, అడిగితే వాయించగలడు, ఇన్నాళ్లూ కావాలనే చేశాడు అనుకున్నాను.

తాళి ఉన్న పళ్లెం పెద్దల చేతుల మీదుగా తిరిగి వచ్చింది. మంత్రం కోసం పురోహితుడు మమ్మల్ని ఆపమన్నాడు. హాలంతా నిశ్శబ్దం. పెళ్లికొడుకు తాళి పట్టుకుని వంగాడు. పురోహితుడు మంత్రాన్ని రాగం తీస్తూ సాగదీశాడు. అప్పుడు మొదలైంది ముక్కులో. చామంతులో, అక్షింతల పసుపో, ఏదో. ఊపిరి బిగబట్టాను. నాలుకను అంగిటికి అదిమాను. కళ్లల్లో నీళ్లు. గంగాధర వంక చూశాను. అతను నా మొహమే చూస్తున్నాడు. కర్ర గాలిలో ఎత్తి ఉంది. కొట్టడానికి చెయ్యి అదురుతోంది, కొట్టడం లేదు. ఒట్టు పెట్టాడు కదా.

ఆ ఒక్క క్షణంలో, పెనుకొండలో, ధర్మవరంలో ఏం జరిగిందో నాకు మొత్తం అర్థమైంది. అతను గట్టిమేళం దంచినప్పుడల్లా నాకు తుమ్ము వచ్చింది. పురోహితులతో తిట్లు తిని, తాగుబోతు అనిపించుకుని, నా తుమ్ములన్నీ ఆ డోలు కింద దాచాడు.

అర్థమైతే ఏం లాభం? మొహం తిప్పుకునే లోపే తుమ్మాను. నా తుమ్ము నాలుగు మూలలా మోగింది.

పెళ్లికొడుకు చేతులు అట్లాగే ఆగిపోయాయి. అమూల్య తల ఎత్తి చూసింది. పాపం, ఆ పిల్ల మొహం పాలిపోయింది. ఎవరో "అయ్యో" అన్నారు. అప్పుడు డోలు వెనక నుంచి ఇంకో తుమ్ము వచ్చింది. నాటకాల్లో కూడా అంత అబద్ధపు తుమ్ము నేను వినలేదు. హా అని నోరు తెరిచి, చ్ఛీ అని తిట్టినట్టుగా తుమ్మాడు గంగాధర.

"రెండయినాయి! రెండయితే మంచిదే!" అన్నారు ఎవరో వెనక నుంచి.

సత్యభామమ్మ లేచింది. "ఉండండి. ఎవరు తుమ్మినారు? రెండూ ఒకరివేనా?"

పురోహితుడు కూడా తల ఆడించాడు. "ఒకరివే రెండయితే దోషం లేదమ్మా. ఇద్దరివైతే ఒంటి తుమ్ములు రెండు. లగ్నం దాటిపోతాండాది, తొందరగా చెప్పండప్పా."

"నావే సామీ, రెండూ నావే" అన్నాడు గంగాధర, అడిగీ అడగకముందే.

ముసలమ్మ ఊరుకుంటుందా? "నీ ముందర మైకే లేదు గదప్పా. మొదటి తుమ్ము మైకులో ఎట్ల వచ్చె?"

గంగాధర నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు. అబద్ధం చెప్పడం కూడా రాని మనిషి. ఇతన్నా నేను నెల రోజుల నుంచి మహా కుట్రదారు అనుకుంటున్నది? సతీష్ తల వంచుకుని తాళాల వంక చూస్తున్నాడు. హాలంతా మా వైపే తిరిగింది. అమూల్య మాత్రం నన్నే చూస్తోంది. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే, ఆ పిల్లకు కాపురంలో ఎప్పుడు ఏ చిన్న నలత వచ్చినా తాళి దగ్గర రెండు ఒంటి తుమ్ములు పడ్డాయనే అంటారు. నోరు తెరిస్తే నా కుర్చీ పోతుంది.

లేచి నిలబడ్డాను.

"రెండూ నావే అవ్వా. నాకు ఈ కాలంలో దుమ్ము పడదు. తుమ్ములు వస్తాండాయి. ఆయన నన్ను దాచాలని చూస్తాండాడు."

"మరి రెండోది మైకులో రాలేదే?"

"మొదటిదానికి సిగ్గుపడి మొకం తిప్పుకొంటి."

ఆమె నన్ను, గంగాధరను మార్చి మార్చి చూసింది. ఆ ముసలి కళ్లకు అంతా తెలిసిపోయిందనే నా నమ్మకం. తర్వాత గట్టిగా నవ్వింది. "తుమ్ముకు ఇంతగా కొట్లాడే మొగుడూ పెండ్లాల్ని ఏడా చూడలేదమ్మా! మంచి శకునమే. కట్టు నాయనా, కట్టు!"

పురోహితుడు చెయ్యి ఎత్తాడు. గంగాధర ఎత్తిన కర్ర అప్పుడు దించాడు. అట్లాంటి గట్టిమేళం నేను ఎప్పుడూ వినలేదు, మండపం రేకులు అదిరాయి. నేనూ ఊదాను. మధ్యలో కడుపారా తుమ్మాను కూడా. ఎవరికీ వినబడలేదు.

మార్చి 3

పొద్దున అత్త వంటింట్లో ఉండగా గంగాధరను అడిగాను.

"ముందే యాల చెప్పలేదు?"

"చెప్తే ఇంటావా నువ్వు? తుమ్ముతాండావంటే నీకు కోపం. నీ ముక్కుపుట అదరగానే నాకు తెలుస్తాది. కొట్టేస్తాంటి. అంతే గదా."

"మరి సతీష్?"

తల గోక్కున్నాడు. "వానలు పడేదాకా నిన్ను కూసోబెట్టాలని నేనే పిలిపిస్తి. డాక్టరు ముందే చెప్పినాడు, ఛాతీ పాడవుతాదని. నీకు ఎట్ల చెప్పాలో తెలీక దినాము గేటు కాడ ఫోన్లో ఏడుస్తాంటి."

అంటే నా అనుమానం నిజమే! నన్ను కుర్చీలోంచి లేపాలనే చూశాడు. నేను వెర్రిదాన్ని కాదు. ఆ మాటే అన్నాను. "కాదులే, వెర్రిదానివి గాదు" అన్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత నేను ఏడ్చాను. ఎనిమిదేళ్లు కాపురం చేసిన మనిషిని మిరపపొడి దొంగల్లో కలిపేశానే అని సిగ్గేసింది. మిరపపొడి సంగతి మాత్రం అతనికి చెప్పలేదు. అత్తకైతే ఎప్పటికీ చెప్పను.

మార్చి 5

అనుకున్నదే అయింది. గుడిబండ పెళ్లివాళ్లు ఫోన్ చేశారు. మాట అప్పుడే అంతదూరం పోయింది. "మీ మేళమే కావల్ల, ఆ తుమ్మే ఆయమ్మ మాత్రం వద్దు" అన్నారట. గంగాధర, "ఆమె లేకుంటే మేళమే లేదు పొండి" అని పెట్టేశాడు. ఆ వెనకే ఇంకో పెళ్లి కూడా తప్పింది. అతను నాకు చెప్పలేదు, మొహం చూసి నేనే కనిపెట్టాను. ఈ ఇంట్లో మొహాలు చూసి కనిపెట్టడం నాకూ వచ్చు.

శాక్సోఫోన్ తీసి తుడిచాను. లోపలి తడి ఆరబెట్టాను. రీడును గుడ్డలో చుట్టి పెట్టాను. మూత వేస్తుంటే ఏడుపు వచ్చింది. పదేళ్ల పిల్లప్పటి నుంచి ఒక్క నెల కూడా ఊదకుండా లేను, ఇప్పుడు వానలు పడేదాకా ఆగాలి. కాసేపు ఏడ్చి, గుడిబండ వాళ్లకు నేనే ఫోన్ చేసి మేళం వస్తుంది, నేను రానని చెప్పాను. తర్వాత సతీష్‌కు చేశాను.

"గుడిబండకు నువ్వు ఊదాల. నేను రాను."

"మీ కుర్చీలో కూసోమంటారా అక్కా?"

"వానలు పడేదాకా."

"సరే అక్కా" అన్నాడు వెంటనే.

అంత వెంటనే ఎందుకు ఒప్పుకున్నాడో కనిపెట్టాలి.